కుక్కపిల్ల శిక్షణలో తాయిలం: ఏది, ఎంత, ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలి

కుక్కపిల్లకు తాయిలం చూపించి కూర్చోవడం నేర్పినవారికి కొన్ని వారాల్లోనే ఒక అనుమానం మొదలవుతుంది. చేతిలో తిండి ఉన్నప్పుడు చెప్పినట్టల్లా చేసే పిల్ల, చేయి ఖాళీగా ఉంటే పిలిచినా పలకదు. దాంతో కొందరు తిండితో నేర్పడమే తప్పని తేల్చి గద్దింపులకు దిగుతారు. మరికొందరు ఇక ఎప్పటికీ జేబులో తాయిలాలు మోయక తప్పదని సర్దుకుపోతారు. నిజానికి ఈ రెండూ అక్కరలేదు. తాయిలం పనికి ముందు కనిపిస్తే లంచమవుతుంది, పని అయిన వెంటనే వస్తే కూలి అవుతుంది. లంచానికి అలవాటుపడ్డ పిల్ల మొదట మీ చేతిని చూస్తుంది, కూలికి అలవాటుపడ్డ పిల్ల మొదట పని చేస్తుంది. కింద చెప్పే మెట్లన్నీ ఆ వరుసను తప్పకుండా కాపాడుకోవడానికి ఉద్దేశించినవే. ఎనిమిది వారాల వయసులో ఇంటికి వచ్చిన పిల్లతో మొదలుపెట్టినా, ఐదారు నెలల పిల్లతో మొదలుపెట్టినా వీటిని ఇదే క్రమంలో పాటించవచ్చు.

తిండి ఎందుకు పనిచేస్తుంది

మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను చిన్న పెట్టెల్లో ఉంచి, అవి గడియ తీసుకుని బయటికి వస్తే తిండి దొరికే ఏర్పాటు చేశాడు. మొదట్లో పిల్లులు గోకాయి, కొరికాయి, అరిచాయి. ఎప్పుడో అనుకోకుండా గడియ తెరుచుకుంది. ప్రయత్నాలు పెరిగేకొద్దీ పనికిరాని చేష్టలు తగ్గి, తలుపు తెరిపించిన చేష్ట ఒక్కటే నిలిచింది. మంచి ఫలితం తెచ్చిన ప్రవర్తన మళ్ళీ కనిపిస్తుందనే సూత్రం అక్కడినుంచే వచ్చింది, ఆ తరువాత మరో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దానిని లోతుగా పరిశోధించాడు. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కలపై చేసిన పని రెండో సంగతిని బయటపెట్టింది: తిండికి ముందు ప్రతిసారీ ఒకే శబ్దం వినిపిస్తే, కొంతకాలానికి ఆ శబ్దానికే కుక్క నోరూరుతుంది.

మీరు తాయిలం ఇచ్చిన ప్రతిసారీ ఈ రెండు రకాల నేర్పూ కలిసే జరుగుతాయి. ఒకవైపు పిల్ల తాను చేసిన పనికీ తిండికీ ముడి వేసుకుంటుంది, మరోవైపు ఆ క్షణంలో చుట్టూ ఉన్న మనుషులకూ, శబ్దాలకూ, చోటుకూ తిండి తెచ్చే సంతోషాన్ని అంటగట్టుకుంటుంది. రెండో దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో పసివయసులో దాని విలువే ఎక్కువ, ఎందుకంటే సుమారు 3 వారాల నుంచి 12–14 వారాల వరకు కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా అంగీకరించే దశలో ఉంటుంది. ఆ వయసులో మంచి అనుభవంతో కలిసి పరిచయమైనవి జీవితాంతం మామూలు విషయాలుగా మిగిలిపోతాయి. జంతువుల ప్రవర్తనపై పనిచేసే పశువైద్యుల సంఘం అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో విడుదల చేసిన ప్రకటనలో అన్ని రకాల కుక్కలకూ, అన్ని రకాల సమస్యలకూ బహుమతి ఆధారిత శిక్షణనే సిఫారసు చేసింది.

మొదటి మెట్టు: తాయిలాన్ని ఎంచుకోవడం

మంచి తాయిలం బఠాణీ గింజకంటే పెద్దదిగా ఉండకూడదు, చిన్న జాతుల పిల్లలకైతే అందులో సగం చాలు. అది మెత్తగా ఉండాలి, పొడిపొడిగా రాలకూడదు, ఒకటి రెండు సెకన్లలో మింగేయగలిగేలా ఉండాలి. గట్టి బిస్కెట్టు ఇస్తే పిల్ల దాన్ని నములుతూ, నేల మీద పడ్డ ముక్కలు ఏరుకుంటూ అర నిమిషం గడుపుతుంది, అంతసేపటికి మీరు దేనికి బహుమతి ఇచ్చారన్నది దానికి గుర్తుండదు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసులో, అంటే దాదాపు నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా, చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి కాబట్టి మెత్తదనం మరీ అవసరం.

తాయిలాలను మూడు స్థాయిలుగా విడదీసి పెట్టుకోండి. రోజూ గిన్నెలో పెట్టే పొడి ఆహారపు గింజలు మొదటి స్థాయి; ఇవి ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పనికొస్తాయి. కాస్త రుచి, వాసన ఎక్కువున్న మెత్తటి తాయిలాలు రెండో స్థాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసిన కోడిమాంసం ముక్కల వంటివి మూడో స్థాయి. వీటిని వీధిలో నేర్పడానికీ, పిలిస్తే రావడానికీ, పశువైద్యశాలకూ దాచి ఉంచాలి. ఏది ఏ స్థాయిదో మీరు ఊహించడం కంటే పిల్లనే అడగడం మేలు. రెండు పిడికిళ్ళలో రెండు రకాలు పట్టుకుని వాసన చూపించి, అది ఏ పిడికిలి దగ్గర ఎక్కువసేపు నిలుస్తుందో చూడండి. చేతులు మార్చి మళ్ళీ చూడండి. కొత్త ఆహారాన్ని ఏదైనా ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా పరిచయం చేయండి, ఒకేరోజు మూడు కొత్తవి పెడితే విరేచనాలు అయినప్పుడు కారణమేదో తెలియదు.

కొన్నిటిని ఎంత కొంచెమైనా పెట్టకూడదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క గుండెకూ నాడులకూ ప్రమాదం. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయానికీ హాని చేస్తుంది. ఇది కొన్ని వేరుశనగ వెన్న డబ్బాల్లో కూడా ఉంటుంది కాబట్టి అలాంటివి కొనేటప్పుడు పదార్థాల జాబితా చదవాలి. మకడేమియా గింజలు, మద్యం, కాఫీ పొడి, పులిసే పచ్చిపిండి కూడా ఈ కోవలోవే. ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

రెండో మెట్టు: లెక్క కట్టడం

తాయిలాల కెలోరీలు రోజు మొత్తంలో పదోవంతు దాటకూడదన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే నియమం. లెక్క ఇలా ఉంటుంది. కిలోల్లో బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తే, విశ్రాంతిలో ఉన్న శరీరానికి ఎంత శక్తి కావాలో వస్తుంది. నాలుగు నెలల లోపు పిల్లకు దాదాపు దానికి మూడు రెట్లు, ఆ తరువాత పెద్దదయ్యేదాకా దాదాపు రెండు రెట్లు కావాలి. 5 కిలోల బరువున్న మూడు నెలల పిల్లను తీసుకుంటే, విశ్రాంతి అవసరం సుమారు 234 కెలోరీలు, రోజు అవసరం సుమారు 700. అందులో పదోవంతు 70. ఒక్కో తాయిలంలో 2 కెలోరీలుంటే రోజుకు 35 తాయిలాలు మించకూడదు.

ముప్పై అయిదు అంటే ఎక్కువగా అనిపిస్తుంది కానీ, సరిగ్గా నేర్పేవారికి అవి ఉదయం పూటకే అయిపోతాయి. అందుకే శిక్షణలో ఎక్కువ భాగం పిల్ల భోజనంతోనే జరగాలి. పొద్దున్నే ఆ రోజుకు కొలిచిన పొడి ఆహారంలో మూడోవంతు పక్కకు తీసి ఒక డబ్బాలో వేయండి, ఇంట్లో నేర్పే పాఠాలన్నిటికీ అందులోంచే ఇవ్వండి, రాత్రికి మిగిలింది గిన్నెలో పోసేయండి. అది సమతులాహారమే కాబట్టి పైన చెప్పిన పదోవంతు లెక్కలోకి రాదు. వారానికోసారి బరువు చూడండి, పక్కటెముకల మీద చేయి వేసి నిమరండి. ఎముకలు వేళ్ళకు సులువుగా తగలాలి, కానీ కంటికి పొడుచుకుని కనిపించకూడదు.

ఆకలి ఎక్కువైతే బాగా నేర్చుకుంటుందని భోజనం మాన్పించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. చిన్న జాతుల పసిపిల్లల్లో కొన్ని గంటల పస్తు కూడా రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గించగలదు. పైగా మరీ ఆకలితో ఉన్న పిల్ల ఆత్రంతో తిండినే చూస్తుంది తప్ప పాఠాన్ని పట్టించుకోదు. భోజనానికి ముందు, మామూలు ఆకలి ఉన్న సమయమే మంచిది.

మూడో మెట్టు: సంకేత పదాన్ని నేర్పడం

పిల్ల కూర్చున్న క్షణానికీ, మీ చేయి దాని నోటిని చేరే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు గడుస్తాయి. ఆ వ్యవధిలో అది లేచి, తోక వైపు చూసి, ఒకసారి అరిచి ఉండవచ్చు, అప్పుడు తాయిలం అరుపుకు చేరుతుంది. ఈ ఖాళీని పూడ్చడానికి ఒక చిన్న పదం కావాలి. నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, అంటే క్లిక్కర్, వాడేవారున్నారు, అదీ మంచిదే. నేను ఇంటివారందరికీ ఎప్పుడూ అందుబాటులో ఉంటుందని పదాన్నే సూచిస్తాను. మామూలు మాటల్లో తరచూ రానిదీ, గట్టిగా తెగినట్టు పలికేదీ అయితే చాలు. ఇక్కడ ఉదాహరణకు «భేష్» అనుకుందాం.

పిల్ల ఏమీ చేయకుండా ఉన్నప్పుడు «భేష్» అనండి, ఒక క్షణం ఆగి తాయిలం ఇవ్వండి. పది పన్నెండు సార్లు ఇలా చేసి ఆపేయండి, రోజుకు రెండు మూడు విడతలుగా ఒకటి రెండు రోజులు కొనసాగించండి. ఈ దశలో చేయి కదలిక పదం కంటే ముందు రాకూడదు. చేయి ముందు కదిలితే పిల్ల చేతినే సంకేతంగా తీసుకుంటుంది, పదం వట్టి చప్పుడుగా మిగిలిపోతుంది. చేతిని నడుము దగ్గర కదలకుండా ఉంచి, పదం పలికాకే తాయిలం అందుకోండి. పిల్ల మరోవైపు చూస్తున్నప్పుడు «భేష్» అంటే చటుక్కున మీ వైపు తిరిగితే పదానికి అర్థం ఏర్పడినట్టు.

మెదడుపై పరిశోధించే శాస్త్రవేత్త వోల్ఫ్రం షుల్ట్జ్ కోతులపై చేసిన పరిశోధనల్లో, బహుమతికి స్పందించే మెదడులోని డోపమిన్ కణాలు మొదట పండ్లరసం నోట్లో పడ్డప్పుడు స్పందించాయి, కొంతకాలానికి రసం రాబోతోందని చెప్పే సంకేతానికే స్పందించసాగాయి. «భేష్» బలం ఇలాంటిదే. దానికి ఒక షరతుంది: ఆ మాట అన్న ప్రతిసారీ తాయిలం ఇచ్చి తీరాలి. పొరపాటున అన్నా సరే ఇవ్వండి. తరువాతి నెలల్లో తాయిలాలు తగ్గించేటప్పుడు ఈ పదాన్నే తక్కువసార్లు పలకాలి తప్ప, పలికి ఎగవేయకూడదు.

నాలుగో మెట్టు: మర్యాదగా తీసుకోవడం

వేళ్ళు కొరికి తాయిలం లాక్కునే పిల్లతో పాఠం సాగదు, పసివాళ్ళున్న ఇంట్లో అది ప్రమాదం కూడా. తాయిలాన్ని పిడికిట్లో మూసి మూతి ముందు పెట్టండి. అది నాకుతుంది, గోకుతుంది, పంటితో తడుముతుంది. చేయి తెరవకండి, వెనక్కి లాగకండి, ఏమీ అనకండి. ఒక్క క్షణం మూతి వెనక్కి తీయగానే «భేష్» అని, అరచేయి పూర్తిగా చాచి అందులోంచి తిననివ్వండి. మూడు నాలుగు విడతల్లో చాలా పిల్లలు పిడికిలి చూడగానే వెనక్కి జరగడం మొదలుపెడతాయి. «వదిలెయ్» అనే ఆజ్ఞకు పునాది కూడా ఇదే.

అయిదో మెట్టు: «కూర్చో», ఆపైన చేయి ఖాళీ చేయడం

తాయిలాన్ని ముక్కుకు దాదాపు ఆనించి, మెల్లగా పైకీ వెనక్కీ, రెండు చెవుల మధ్యకు తీసుకెళ్ళండి. తల పైకి లేస్తే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. పిరుదులు నేలను తాకిన క్షణంలో «భేష్» అనండి, తాయిలం ఇవ్వండి. పిల్ల ఎగురుతుంటే మీ చేయి ఎత్తు ఎక్కువైంది, వెనక్కి నడుస్తుంటే చేయి వేగం ఎక్కువైంది. నడుము మీద చేత్తో నొక్కి కూర్చోబెట్టకండి, అలా నొక్కితే పిల్ల ఎదురు నెట్టడమే నేర్చుకుంటుంది.

అసలు మలుపు ఇక్కడే ఉంది. నాలుగైదు సార్లు తాయిలంతో నడిపించాక, ఆరోసారి అదే చేతితో, అదే కదలికతో, కానీ వేళ్ళ మధ్య ఏమీ లేకుండా చేసి చూపించండి. వాసన ఇంకా చేతికి ఉంటుంది కాబట్టి పిల్ల అనుసరిస్తుంది. కూర్చోగానే «భేష్» అని, రెండో చేతిలోంచి, లేదా పక్కనున్న బల్ల మీది డబ్బాలోంచి తాయిలం ఇవ్వండి. ఖాళీ చేతి వెనక వెళ్ళినా తిండి దొరుకుతుందని పిల్ల గ్రహించిన ఆ ఒక్క క్షణం, తరువాతి ఏడాది మొత్తాన్నీ నిర్ణయిస్తుందని నేను నమ్ముతాను. వారాల తరబడి తాయిలం ముక్కు ముందు ఆడించేవారికే మొదట్లో చెప్పిన సమస్య వస్తుంది. మొదటి పాఠంలోనే చేయి ఖాళీ చేసినవారికి అది దాదాపు రాదు.

ఖాళీ చేతి కదలికకు పదికి తొమ్మిదిసార్లు కూర్చుంటున్నప్పుడు మాట చేర్చండి. ముందు «కూర్చో» అనండి, ఒక క్షణం ఆగండి, తరువాత చేయి కదపండి. మాటా, సైగా కలిపి ఒకేసారి ఇస్తే పిల్ల సైగనే చూస్తుంది, మాటను వినిపించుకోదు. మాటను ఒక్కసారే అనండి. «కూర్చో, కూర్చో, కూర్చో» అని నేర్పితే మూడోసారికే కూర్చోవడం నేర్చుకుంటుంది.

«పడుకో» కూడా ఇదే పద్ధతి: కూర్చున్న పిల్ల ముక్కు దగ్గర నుంచి చేతిని నిటారుగా ముందుకాళ్ళ మధ్యకు దించి, అక్కడినుంచి నేల మీదుగా మీ వైపు మెల్లగా జరపండి. జారే నేల మీద కాకుండా పరుపు మీదో, చాప మీదో మొదలుపెట్టండి.

ఒక్కో పాఠం మూడు నుంచి అయిదు నిమిషాలు మించనివ్వకండి. కుక్కపిల్లలు రోజులో చాలా గంటలు నిద్రపోతాయి. నిద్ర చాలని పిల్ల కొరుకుతుంది, చెప్పింది వినదు, దాన్ని మొండితనమనుకోవడం అన్యాయం.

ఆరో మెట్టు: తాయిలం ఎక్కడ అందాలి

పిల్ల నోటికి తాయిలం ఎక్కడ అందుతుందో, తరువాతి ప్రవర్తన అక్కడికే జరుగుతుంది. కూర్చోవడం నేర్పుతూ తాయిలాన్ని ఎత్తులో పట్టుకుంటే పిల్ల లేచి అందుకుంటుంది, లేవడమే అలవాటవుతుంది. కూర్చున్న మూతి ఎత్తులోనే ఇవ్వాలి. ఆగి ఉండడం నేర్పేటప్పుడు పిల్లను మీ దగ్గరికి రప్పించి ఇవ్వకండి, మీరే దాని దగ్గరికి నడిచివెళ్ళి ఇవ్వండి. లీష్ (మెడకు కట్టి నడిపించే తాడు) లాగకుండా నడవడం నేర్పేటప్పుడు తాయిలం మీ కాలి పక్కన, ప్యాంటు కుట్టు దగ్గర అందాలి. క్రేట్ (పిల్ల పడుకునే బోను) అలవాటు చేసేటప్పుడు పిల్ల తల లోపల ఉండగానే, వెనక గోడ వైపు వేయాలి.

ఏడో మెట్టు: పిలిస్తే రావడం

ఒక కుక్క ప్రాణాన్ని కాపాడగల పాఠం ఇదొక్కటే కావచ్చు, అందుకే మూడో స్థాయి తాయిలాల్లో సింహభాగం దీనికే కేటాయించాలి. ఇద్దరు మనుషులు గదిలో ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా పిలవడంతో మొదలుపెట్టండి. పిల్ల మీ వైపు అడుగు వేయగానే «భేష్» అనండి, దగ్గరికి వచ్చాక మీ రెండు పాదాల మధ్య తాయిలాన్ని అందించండి. ఇచ్చే ముందు రెండో చేత్తో మెల్లగా మెడపట్టీ తాకండి. ఈ చిన్న అలవాటు లేనందువల్లే ఎన్నో కుక్కలు దగ్గరిదాకా వచ్చి, చేయి చాచగానే పక్కకు తప్పుకుంటాయి.

దీనికి ఒక్క ముక్క ఇచ్చి సరిపెట్టకండి. అయిదారు చిన్న ముక్కలను ఒకదాని తరువాత ఒకటి, మెచ్చుకుంటూ, పది సెకన్లపాటు ఇవ్వండి. మొత్తం పరిమాణం పెద్దగా పెరగదు, కానీ మీ దగ్గర గడిపిన ఆ పది సెకన్లు పిల్లకు పండుగవుతాయి. గదిలో కుదిరాక ఇల్లంతా, తరువాత ప్రహరీ లోపల, ఆపైన పొడవైన తాడు కట్టి ఖాళీ మైదానంలో సాధన చేయండి.

స్నానానికీ, గోళ్ళు కత్తిరించడానికీ, ఆట ఆపించడానికీ ఈ పిలుపు వాడకండి. ఆ పనులకు మీరే వెళ్ళి పిల్లను తెచ్చుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టకండి. తిట్టు దానికి పారిపోయినందుకు పడదు, తిరిగి వచ్చినందుకు పడుతుంది.

ఎనిమిదో మెట్టు: మలమూత్రాల శిక్షణ

నిద్ర లేచిన వెంటనే, ఆట ముగిశాక, తిన్న పావుగంట ఇరవై నిమిషాలకు పిల్లను ఒకే చోటికి తీసుకెళ్ళండి. తాయిలం మీ జేబులో సిద్ధంగా ఉండాలి. పని పూర్తిగా ముగిసేదాకా ఆగి, ముగిసిన మరుక్షణం అక్కడికక్కడే ఇవ్వండి. మధ్యలో «భేష్» అంటే కొన్ని పిల్లలు సగంలో ఆపేసి మిగతాది ఇంట్లో కానిస్తాయి. ఇంట్లోకి వచ్చాక వంటగదిలో ఇచ్చే తాయిలం గుమ్మం దాటినందుకు ఇచ్చినట్టవుతుంది. ఇంట్లో తప్పు జరిగితే మౌనంగా శుభ్రం చేయండి. శిక్షిస్తే మీకు కనపడకుండా వెళ్ళడం ఒక్కటే నేర్చుకుంటుంది.

తొమ్మిదో మెట్టు: నోట్లోది ఇచ్చేయడం

పిల్ల చెప్పు ఎత్తుకుపోయినప్పుడు వెంటపడితే అది ఆటవుతుంది, నోరు విప్పి లాక్కుంటే దాచుకోవడం, గుర్రుమనడం మొదలవుతాయి. ముందు దాని సొంత బొమ్మతో సాధన చేయండి. బొమ్మ నోట్లో ఉండగా «ఇచ్చేయ్» అనండి, ఒక క్షణం తరువాత ముక్కు దగ్గరికి మంచి తాయిలం తెచ్చి, బొమ్మ వదలగానే «భేష్» అని తాయిలం ఇవ్వండి, ఆ వెంటనే బొమ్మనూ తిరిగి ఇచ్చేయండి. ఇచ్చినది మళ్ళీ వస్తుందన్న నమ్మకమే ఇక్కడ అసలు బహుమతి. మాటకే వదలడం మొదలయ్యాక తాయిలాన్ని ముందు చూపించడం మానేయండి.

తింటున్న గిన్నెలో చేయి పెట్టి ఓర్పును పరీక్షించడం కొందరు ఇప్పటికీ మంచి పద్ధతనుకుంటారు. అది పిల్లను మరింత అభద్రతకు గురిచేస్తుంది. దానికి బదులు తింటున్నప్పుడు పక్కనుంచి వెళుతూ, గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి వేసి ఆగకుండా వెళ్ళిపోండి.

పదో మెట్టు: భయాన్ని తగ్గించడం

పిల్ల భయపడుతున్నప్పుడు తిండి పెడితే భయం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. భయం ఒక భావోద్వేగం, తాయిలం కోసం పిల్ల ఎంచుకుని చేసే పని కాదు. పావ్‌లోవ్ చూపించిన ముడి ఇక్కడ పనిచేస్తుంది: భయపెట్టే వస్తువు వెనకే ప్రతిసారీ ఇష్టమైన తిండి వస్తే ఆ వస్తువు మీద భావమే మారుతుంది. ఇక్కడా వరుసే ముఖ్యం. ముందు వస్తువు కనిపించాలి, తరువాత తిండి రావాలి. తిండి ముందు వచ్చి ఆపైన భయం కలిగితే, తిండిని చూసే పిల్ల అనుమానపడడం నేర్చుకుంటుంది.

గోళ్ళు కత్తిరించడం ఉదాహరణగా తీసుకోండి. మొదటిరోజు పాదాన్ని తాకి వదిలి తాయిలం ఇవ్వండి. అది సాఫీగా ఉంటే పాదాన్ని ఒక సెకను పట్టుకుని ఇవ్వండి. తరువాత కత్తెరను నేల మీద ఉంచి, పిల్ల దాన్ని చూడగానే ఇవ్వండి. ఆపైన కత్తెరను గోటికి తాకించి ఇవ్వండి. ఒక్క గోరు కత్తిరించి ఆ రోజుకు ముగించండి. మిగతావి మరో రోజుకు వాయిదా వేయడంలో నష్టమేమీ లేదు, తొందరలో ఒక్కసారి నొప్పి పుట్టిస్తే కలిగే నష్టం మాత్రం చాలా కాలం ఉంటుంది.

కొత్త మనిషికి భయపడే పిల్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఆ మనిషి చేతిలో తాయిలం పెట్టి పిల్లను దగ్గరికి లాగకండి. తిండి కోసం ధైర్యం చేసి వెళ్ళి, తినేశాక తాను అపరిచితుడి కాళ్ళ దగ్గరున్నానని గుర్తించి బెదిరిపోతుంది, కొన్ని అక్కడే కరుస్తాయి. ఆ మనిషే తాయిలాన్ని పిల్ల వెనకవైపుకు విసరాలి. అది దూరంగా వెళ్ళి తిని, తన ఇష్టంతో తిరిగి చూస్తుంది.

మామూలుగా ఇష్టంగా తినే పిల్ల మూడో స్థాయి తాయిలాన్ని కూడా ముట్టకపోతే మీరు భయకారణానికి మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. దూరం పెంచండి. ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా తిండి వద్దంటూ నీరసంగా ఉంటే అది శిక్షణ సమస్య కాదు, ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.

పదకొండో మెట్టు: తాయిలాలు తగ్గించడం

కొత్త పాఠానికి ప్రతిసారీ బహుమతి ఉండాలి. ఒక పనిని మూడు నాలుగు వేర్వేరు చోట్ల, పదికి ఎనిమిది తొమ్మిది సార్లు, మొదటి మాటకే చేస్తున్నప్పుడు మాత్రమే తగ్గించడం మొదలుపెట్టండి. వేర్వేరు చోట్లు అనడానికి కారణముంది: కుక్కలు ఒకచోట నేర్చినదాన్ని మరోచోటికి తేలికగా అన్వయించుకోలేవు. వంటగదిలో చక్కగా కూర్చునే పిల్లకు వీధిలో «కూర్చో» కొత్త పాఠమే, అక్కడ మళ్ళీ మొదటినుంచి నేర్పాలి.

తగ్గించేటప్పుడు మొదట రెండుసార్లకొకసారి, తరువాత ఊహించలేని వరుసలో ఇవ్వండి: ఒకసారి వెంటనే, తరువాత నాలుగుసార్లకు, మళ్ళీ రెండుసార్లకు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి ప్రవర్తనను ఎక్కువకాలం నిలబెడుతుందని స్కిన్నర్ పరిశోధనలు చూపించాయి. అందులోనూ చురుగ్గా, త్వరగా చేసిన వాటినే ఎంచుకుని ఇవ్వండి. ఒక్కరోజులో పూర్తిగా ఆపేస్తే పని కూడా ఆగిపోతుంది.

తాయిలం ఇవ్వనప్పుడు పిల్లకు ఏమీ దక్కకుండా పోకూడదు. ఎక్కువ ఇష్టమైన పనికి అవకాశం ఇవ్వడం తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ నిరూపించాడు. గుమ్మం దగ్గర కూర్చుంటే తలుపు తెరుచుకుంటుంది. లీష్ వదులుగా ఉంచి నాలుగడుగులు వేస్తే చెట్టు వాసన చూడనిస్తారు. బొమ్మ ఇచ్చేస్తే మళ్ళీ విసురుతారు. రోజంతా ఇలాంటి అవకాశాలు డజన్ల కొద్దీ ఉంటాయి, కెలోరీలు మాత్రం ఉండవు.

పిలిస్తే రావడాన్నీ, భయం తగ్గించే పాఠాలనూ ఈ తగ్గింపులో చేర్చకండి. వాటికి పెద్దయ్యాక కూడా తరచూ మంచి తాయిలం ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం.

చిక్కులు వచ్చినప్పుడు

పిల్ల మీద పడి ఎగురుతుంది, మీరు «కూర్చో» అంటారు, కూర్చుంటుంది, తాయిలం ఇస్తారు. కొన్నాళ్ళకు ఎగరడం ఎక్కువవుతుంది, ఎందుకంటే ఎగిరి కూర్చోవడం మొత్తాన్నీ అది ఒకే పనిగా నేర్చుకుంది. ఎగరకముందే, నాలుగు కాళ్ళూ నేల మీదున్నప్పుడే బహుమతి ఇవ్వండి. ఎగిరాక కూర్చుంటే అయిదారు సెకన్లు ఆగి, మరో పని చెప్పి, దానికి ఇవ్వండి.

తాయిలాల కోసం అరిచే పిల్లకు అరుస్తుండగా ఇవ్వకండి. అరుపు కొద్దిసేపు పెరిగి తరువాత తగ్గుతుంది, ఆ పెరిగిన దశలో లొంగిపోయి ఇస్తే ఇంకా గట్టిగా అరవాలని నేర్పినవారవుతారు. నిశ్శబ్దంగా పడుకుని ఉన్నప్పుడు అడగకుండానే వెళ్ళి కాళ్ళ మధ్య ఒక గింజ పెట్టి రావడం దీనికి మంచి విరుగుడు.

ఇంట్లో ఒకరు «రా» అని, మరొకరు «ఇటు రా» అని, ఇంకొకరు ఈల వేసి పిలిస్తే పిల్ల అయోమయపడుతుంది. వాడే పదాలనూ, రోజుకు కొలిచిన డబ్బానూ అందరికీ కనిపించేచోట ఉంచండి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు భోజనం తప్ప ఎవరూ మరేమీ పెట్టకూడదు.

సుమారు ఆరో నెల నుంచి ఏడాదిన్నర వరకు కౌమారదశలో, బాగా వచ్చిన పాఠాలు కూడా మరిచిపోయినట్టు కనిపిస్తాయి. వీధిలోని వాసనలూ, ఇతర కుక్కలూ ఆ వయసులో మీకంటే ఆకర్షణీయంగా ఉంటాయి. అలాంటప్పుడు గొంతు పెంచకుండా రెండు మెట్లు వెనక్కి వెళ్ళండి: చోటును నిశ్శబ్దంగా, దూరాన్ని తక్కువగా, తాయిలాన్ని మంచిదిగా, బహుమతిని మళ్ళీ ప్రతిసారీ ఉండేలా మార్చండి. రెండు మూడు వారాల తరువాత పదికి ఎనిమిదిసార్లు మొదటి మాటకే స్పందిస్తుంటే, పదకొండో మెట్టులో చెప్పిన తగ్గింపును తిరిగి మొదలుపెట్టవచ్చు.